అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు, నాలుగు రోజులు: టెనెసీలో ఎక్కడికి వెళ్తే అందరికీ కుదురుతుంది?

తెనాలి టు టెనెసీ:

సభ్యులందరికీ నమస్కారం. మేము నాష్‌విల్‌కు దక్షిణాన ఉన్న ఫ్రాంక్లిన్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాము. ఈ నెల మొదట్లో మా అమ్మానాన్నలు తెనాలి నుండి వచ్చారు. నాన్నగారు హైస్కూలులో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవారు కనుక ఏ ఊరికి తీసుకువెళ్లినా ముందుగా దాని చరిత్ర అడుగుతారు. అమ్మకు రెండేళ్ల క్రితం కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. చదునైన చోట అరగంట నడవగలదు, మెట్లయితే రెయిలింగు పట్టుకొని ఒక్కొక్కటే ఎక్కాలి. అమ్మాయికి తొమ్మిదేళ్లు. అబ్బాయికి నాలుగు, మధ్యాహ్నం ఒంటిగంటకు వాడు నిద్రపోకపోతే సాయంత్రం దాకా మాలో ఎవరినీ ప్రశాంతంగా ఉండనివ్వడు. పెద్దవాళ్లిద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు.

నాష్‌విల్‌లో గణేశ ఆలయమూ, సెంటెనియల్ పార్కులోని పార్థినానూ చూపించాము. 1897లో ఈ రాష్ట్ర శతాబ్ది ప్రదర్శన కోసం ఏథెన్సులోని కట్టడానికి అదే కొలతలతో నకలు కట్టారని చెబితే నాన్నగారు సంతోషించారు గానీ, లోపల ఉన్న 42 అడుగుల ఎథీనా విగ్రహం ముందు నిలబడి "ఇంత పెద్ద అమ్మవారికి ఒక్క పూజారి కూడా లేడా!" అని నొచ్చుకున్నారు.

ఈ నెలాఖరున నాలుగు రోజులు సెలవు దొరికింది. మొదటి రోజు చాటనూగా, రెండవ రోజు స్మోకీ పర్వతాలు, మూడవ రోజు డాలీవుడ్ వినోదపార్కు, నాలుగవ రోజు స్వీట్‌వాటర్‌లోని లాస్ట్ సీ గుహ చూసుకొని ఇల్లు చేరాలని అనుకుంటున్నాను. ఇందులో ఏవైనా మార్పులు అవసరమైతే పెద్దలతో, పిల్లలతో కలిసి వెళ్లివచ్చినవారు చెప్పగలరు.

చాటనూగా వాసి:

మార్పులు కాదండీ, సగానికి సగం కోత అవసరం. ఫ్రాంక్లిన్ నుండి మా ఊరికి రెండు గంటల పైచిలుకు, ఇక్కడి నుండి స్మోకీల ముంగిట ఉన్న గాట్లిన్‌బర్గ్‌కు సుమారు మూడు గంటలు, అక్కడి నుండి మీ ఇంటికి నాలుగు గంటలు పడుతుంది. అంటే మీ అబ్బాయి నిద్రవేళలన్నీ కారు సీటులోనే గడిచిపోతాయి, మీ అమ్మగారి మోకాలు కారులో ముడుచుకొనే ఉంటుంది. ఎన్ని చోట్లు చూశామన్న లెక్క మానేసి, మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషికి ఏది సుఖంగా ఉంటుందో అక్కడి నుండి మొదలుపెట్టండి. అలా చూస్తే ఈ రాష్ట్రంలో చాటనూగాను మించినది నాకు కనిపించలేదు. నేను ఇక్కడివాడిని కనుక ఈ మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చునని ముందే ఒప్పుకుంటున్నాను.

1992లో తెరిచిన టెనెసీ అక్వేరియంలో రెండు భవనాలు ఉన్నాయి. మొదటిదైన రివర్ జర్నీలో ఎస్కలేటర్ మీద నేరుగా పై అంతస్తుకు వెళ్తారు. అక్కడ అపలాచియన్ కొండల అడవి ఉంటుంది, వాగులో నీటికుక్కలు ఈదుతుంటాయి. అక్కడి నుండి వాలుదారుల మీద ఒక్కో అంతస్తూ దిగుతుంటే, కొండల్లో పుట్టిన నీరు టెనెసీ నదిగా మారి, మిసిసిపీలో కలిసి, చివరకు సముద్రానికి చేరే క్రమమే మీ నడక అవుతుంది. ఎక్కవలసిన మెట్టు లేదు. కావాలంటే చక్రాల కుర్చీ తోసుకుంటూ హాయిగా దిగవచ్చు. రెండవ భవనంలో పెంగ్విన్లు, పైన సీతాకోకచిలుకల తోట ఉన్నాయి. చిన్నపిల్లల చేతి మీద సీతాకోకచిలుక వాలిందంటే వాళ్లను అక్కడి నుండి కదిలించడం మీ తరం కాదు.

మీ నాన్నగారి కోసం లుకౌట్ మౌంటెన్ ఉంది. 1895 నుండి నడుస్తున్న ఇన్‌క్లైన్ రైలు ఎక్కండి. కొండ కొసకు చేరేసరికి దాని వాలు 72.7 శాతం ఉంటుంది, అంటే కూర్చున్న చోటు నుండి ఊరంతా మన పాదాల కింద వేలాడుతున్నట్లు కనిపిస్తుంది. పైన పాయింట్ పార్కులో ఫిరంగులు ఉన్నాయి. 1863 నవంబరులో అంతర్యుద్ధం నాటి పోరు ఈ కొండ మీద జరిగింది. ఆ రోజు పొగమంచు కమ్ముకోవడం వల్ల దానికి మబ్బుల పైన జరిగిన యుద్ధమన్న పేరు వచ్చింది.

నాక్స్‌విల్ అమ్మ:

చాటనూగా వాసి గారి కోత బాగానే ఉంది, కానీ కత్తెర పడింది స్మోకీల మీద. తల్లిదండ్రులను సప్తసముద్రాలు దాటించి తీసుకువచ్చి, చేపల తొట్టెలు చూపించి పంపుతారా? మా అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు. రెండు మోకాళ్లూ నొప్పే. ఆవిడ ఈ పర్వతాలను దాదాపు కారులోనే కూర్చొని చూశారు, ఇప్పటికీ ఫోనులో ఆ నీలిపొగ మాటే ఎత్తుతారు. చెట్లు విడిచే ఆవిరి, వాయువులు కలిసి కొండల మీద ఆ పొగలాగా కనిపిస్తాయి. ఇక్కడి ఆదివాసులైన చెరొకీలు తమ భాషలో దీనిని నీలిపొగ ప్రదేశమనే పిలిచారు.

ఈ జాతీయ వనానికి ప్రవేశ రుసుము లేదు. 2023 మార్చి నుండి మాత్రం పదిహేను నిమిషాలకు మించి బండి ఆపితే పార్కింగ్ ట్యాగు కొనాలి, రోజుకు 5 డాలర్లు, వారానికి 15. ఫోనులో రసీదు చూపిస్తే సరిపోదు, కాగితపు ట్యాగు అద్దం వెనుక కనిపించాలి. గాట్లిన్‌బర్గ్ నుండి బయలుదేరగానే షుగర్‌లాండ్స్ సందర్శకుల కేంద్రం వస్తుంది. దానికి కొద్ది దూరంలోనే అర మైలు పొడవున సిమెంటు వేసిన చదునైన కాలిబాట ఉంది, పక్కన ఏరు పారుతుంటుంది. మధ్యలో, వనం ఏర్పడక ముందు అక్కడ కాపురమున్నవారి ఇళ్ల పొగగొట్టాలు మాత్రం చెట్ల నడుమ నిలబడి ఉంటాయి. మీ అమ్మగారికి సరిగ్గా సరిపోయే దారి అది.

తరువాత న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు మీద పైకి వెళ్లండి. తిరుమల ఘాట్ రోడ్డులో తల తిరిగేవారికి ఇక్కడా తిరుగుతుంది. ఒకచోట రోడ్డు గుండ్రంగా చుట్టుకొని తన మీదుగానే దాటి పోతుంది. పైన 5,046 అడుగుల ఎత్తులో ఒక పాదం టెనెసీలో, మరొకటి నార్త్ కరోలినాలో పెట్టి పిల్లలు ఫోటో దిగవచ్చు. 1940 సెప్టెంబరులో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఈ వనాన్ని జాతికి అంకితం చేసిన రాతి వేదిక కూడా అక్కడే ఉంది. ఓపిక ఉంటే మరో ఏడు మైళ్లు వెళ్తే 6,643 అడుగుల కువోహి శిఖరం వస్తుంది. పాత పటాల్లో క్లింగ్‌మన్స్ డోమ్ అని ఉంటుంది; 2024లో చెరొకీల పాత పేరును తిరిగి పెట్టారు. శిఖరం మీది గోపురానికి దారి అర మైలే అయినా నిట్టనిలువుగా ఉంటుంది కనుక అమ్మగారిని ఎక్కించవద్దు. పార్కింగ్ స్థలం అంచున గోడ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టండి, సగం ప్రపంచం అక్కడి నుండే కనిపిస్తుంది. కింద చెమటలు పోస్తున్నా పైన స్వెటరు కావాలి.

గుహల పిచ్చి:

గుహల విషయం ఎవరూ ఎత్తలేదు కనుక నేను చెబుతాను. బొర్రా గుహలు చూసినవారికి రూబీ ఫాల్స్, లాస్ట్ సీ రెండూ ఆసక్తిగానే ఉంటాయి, కానీ రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోవద్దు.

ముందు రూబీ ఫాల్స్ కథ. లుకౌట్ మౌంటెన్ కిందనున్న పాత గుహ ద్వారం రైలు సొరంగం తవ్వినప్పుడు మూసుకుపోయింది. దానిని మళ్లీ జనానికి చూపించాలని లియో లాంబర్ట్ అనే ఆయన 1928లో కొండపై నుండి లిఫ్టు కోసం బావిలాగా తవ్విస్తుండగా, సగం లోతులో ఒక చిన్న కంత నుండి చల్లటి గాలి వచ్చింది. ఆ కంతలో గంటల తరబడి పాకుతూ వెళ్లి, కొండ కడుపులో 145 అడుగుల జలపాతాన్ని చూసి తిరిగివచ్చి, దానికి భార్య రూబీ పేరు పెట్టాడు. తాను తవ్వింది ఒక గుహ కోసం, దొరికింది మరొకటి. ఇప్పుడు లిఫ్టులో 260 అడుగులు దిగి, ఇరుకైన దారిలో రానుపోను మైలు వరకు నడవాలి. మధ్యలో కూర్చునే వసతి తక్కువ. కనుక ఇది అమ్మాయికీ, తాతగారికీ మాత్రమే పనికివస్తుంది.

లాస్ట్ సీ కథ మరొకటి. 1905లో బెన్ శాండ్స్ అనే పదమూడేళ్ల కుర్రవాడు బురద సందులో దూరి వెళ్లి, చేతిలో దీపం ఉన్నా ఆవలి ఒడ్డు కనిపించనంత పెద్ద నీటి మడుగు చూశాడు. అటూ ఇటూ మట్టి ఉండలు విసిరితే అన్ని వైపుల నుండీ నీళ్ల చప్పుడే వినిపించిందట. ఇప్పుడు ఆ సరస్సులో అద్దపు అడుగున్న పడవల మీద తిప్పుతారు, పెంచిన ట్రౌట్ చేపలు మేత కోసం పడవ చుట్టూ చేరతాయి. ఏడాది పొడవునా లోపల 58 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 14 డిగ్రీలు. మెట్లు లేవు కానీ దిగుడు బాగా వాలుగా ఉంటుంది. తిరిగివచ్చేటప్పుడు అదంతా ఎక్కుడే. మోకాలి ఆపరేషన్ అయినవారికి నేను సలహా ఇవ్వను.

తెనాలి టు టెనెసీ:

అందరికీ కృతజ్ఞతలు. లాస్ట్ సీ తీసివేశాను, అమ్మాయి మాత్రం పదమూడేళ్ల కుర్రవాడి కథ విని రెండు రోజులుగా అదే అడుగుతోంది. భోజనం సంగతీ, బస సంగతీ ఎవరైనా చెప్పగలరా?

అట్లాంటా బాటసారి:

మేము జార్జియా నుండి ఏటా రెండుసార్లు అటు వెళ్తాము. భోజనం గురించి మొహమాటం లేకుండా చెబుతాను: పిజన్ ఫోర్జ్, గాట్లిన్‌బర్గ్ వీధుల నిండా పాన్‌కేక్ హోటళ్లే ఉంటాయి, ఆ పిండిలో సాధారణంగా గుడ్డు కలుపుతారు. దక్షిణాది భోజనంలో ఆకుకూర ఉంది కదా అని సంతోషించకండి, కొలార్డ్ ఆకును సాధారణంగా పందిమాంసపు ముక్కతో ఉడికిస్తారు, చిక్కుళ్లూ అంతే. అడగకుండా ఏదీ పెద్దవాళ్ల కంచంలో వేయించవద్దు. ఇక వేయించిన బెండకాయ దాదాపు ప్రతి హోటల్లోనూ ఉంటుంది. మా నాన్నగారు దానిని చూసి ఆనందపడ్డారు, కానీ అడిగితే కోడి వేయించిన నూనెలోనే వేయించామని చెప్పారు. గ్రిట్స్ అనేది మొక్కజొన్న రవ్వతో చేసే జావ. వెన్న, ఉప్పు వేసుకొని, వెంట తెచ్చుకున్న మాగాయ నంజుకుంటే ఉప్మాకు దగ్గరి చుట్టంలాగా ఉంటుంది.

కనుక వంటగది ఉన్న క్యాబిన్ తీసుకోండి, మీ కుక్కరు మీరే తీసుకువెళ్లండి. ఈ క్యాబిన్ల విషయంలో నాకు ఒక చేదు అనుభవం ఉంది. ఎనిమిది మంది పడుకోవచ్చునని ప్రకటనలో రాసిన ఒక ఇల్లు తీసుకున్నాము. కంకర పరిచిన దారి ఎంత నిటారుగా ఉందంటే మా వ్యాను రెండుసార్లు వెనక్కు జారింది. తీరా పైకి చేరాక పడకగదులన్నీ మేడ మీద, స్నానాలగది ఒక్కటే కింద ఉన్నాయని తెలిసింది. మా అమ్మ మూడు రాత్రులూ హాల్లో సోఫా మీద పడుకొంది. డబ్బు కట్టేముందు రెండు ప్రశ్నలు తప్పక అడగండి: పడకగది, స్నానాలగది ఒకే అంతస్తులో, అదీ కింద ఉన్నాయా? ఇంటి దాకా తారు రోడ్డు ఉందా?

మెంఫిస్ మాస్టారు:

ఈ చర్చ మొత్తం తూర్పు వైపే సాగుతోంది కనుక పడమటి నుండి ఒక మాట. సాంఘికశాస్త్రం చెప్పిన పెద్దాయనకు మెంఫిస్ చూపించకుండా పంపడం అన్యాయం. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన లొరేన్ మోటెల్‌ను 1991లో జాతీయ పౌరహక్కుల ప్రదర్శనశాలగా తెరిచారు. ఆయన బస చేసిన 306వ గది బయట వసారా కమ్మీకి ఒక పూలచక్రం వేలాడుతుంటుంది, కింద ఆనాటి కార్లు నిలిపి ఉంటాయి. 1959లో గాంధీజీ దేశాన్ని చూడాలని వచ్చిన మనిషికి తూటా తగిలిన చోట మన పెద్దవాళ్లు మౌనంగా నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. తొమ్మిదేళ్ల అమ్మాయికి ముందు రోజు కొంత చెప్పి తీసుకురావాలి. నాలుగేళ్లవాడికి అది చోటు కాదు. ఒకరు వాడిని తీసుకొని పీబాడీ హోటలుకు వెళ్లండి. అక్కడ ఉదయం పదకొండింటికి లిఫ్టు తలుపు తెరుచుకొని అయిదు బాతులు ఎర్ర తివాచీ మీద నడుచుకుంటూ వెళ్లి పాలరాతి నీటికొలనులో దిగుతాయి, సాయంత్రం ఐదింటికి అలాగే వెనక్కు వెళ్తాయి. చూడటానికి డబ్బు కట్టనవసరం లేదు. 1930లలో మొదలైన ఈ తంతు కోసం పెద్దవాళ్లు కూడా నేల మీద చతికిలబడి కూర్చుంటారు.

నాక్స్‌విల్ అమ్మ:

మెంఫిస్ మాస్టారు గారు, మీ మాటలో న్యాయముంది, కానీ అది ఫ్రాంక్లిన్ నుండి మూడు గంటల దూరాన, పూర్తిగా వ్యతిరేక దిశలో ఉంది. దానిని మరో వారాంతానికి విడిగా పెట్టుకోవడమే మేలు.

డాలీవుడ్ విషయం తేల్చవలసి ఉంది. అది మంచి పార్కే. సెవియర్ కౌంటీలో పుట్టిన గాయని డాలీ పార్టన్ 1986లో భాగస్వామిగా చేరాక ఆ పేరు వచ్చింది, బొగ్గుతో నడిచే ఆవిరి రైలు నిజంగానే చూడదగ్గది. అయితే అది కొండవాలులో ఉంది, ఎక్కుడు దిగుడు ఎక్కువ, జూన్ ఎండ మాడ్చేస్తుంది. అంత పెట్టి టిక్కెట్టు కొన్నాక అయిదుగురు ఒక బెంచీ దగ్గర కాపలా కూర్చోవలసి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మాయికి పన్నెండేళ్లు వచ్చాక వెళ్లండి. దానికి బదులు ఇంట్లోనే ఒక పని చేయండి: ఆవిడ 1995లో మొదలుపెట్టిన పుస్తకాల పథకంలో మీ అబ్బాయి పేరు నమోదు చేయించండి. ఈ రాష్ట్రంలోని 95 కౌంటీల్లోనూ అయిదేళ్ల లోపు పిల్లలకు నెలకొక పుస్తకం ఉచితంగా తపాలాలో వస్తుంది. మా పెద్దవాడి అలమరా సగం అవే.

స్మోకీల్లోని కేడ్స్ కోవ్ లోయకు వెళ్లాలనుకుంటే బుధవారం తప్పించండి. మే నుండి సెప్టెంబరు దాకా ఆ రోజు సైకిళ్లకూ, నడిచేవారికే అనుమతి. మిగిలిన రోజుల్లో ఆ 11 మైళ్ల చుట్టుదారికి ఒక్క ఎలుగుబంటి కనిపించిందంటే మూడు గంటలు పడుతుంది, ఎందుకంటే ముందున్న ప్రతి కారూ ఆగిపోతుంది. ఎలుగుకు 50 గజాల లోపుకు వెళ్లడం నేరం. అదే వనంలోని లారెల్ ఫాల్స్ జలపాతానికి వెళ్లే దారిని 2025 జనవరి నుండి మరమ్మతులకు మూసివేశారు, వెళ్లేముందు వనంవారి ప్రకటన చూసుకోండి.

తెనాలి టు టెనెసీ (ప్రయాణం ముగిసిన తరువాత):

వెళ్లివచ్చాము. రెండు రోజులు చాటనూగా, రెండు రోజులు స్మోకీలు. డాలీవుడ్ లేదు, లాస్ట్ సీ లేదు.

మొదటే ఒక పొరపాటు చేశాను. చాటనూగా తూర్పు కాలమానంలో ఉందన్న సంగతి మరిచి, రూబీ ఫాల్స్‌కు పదిన్నర టిక్కెట్లు కొన్నాను. ఐ-24 రోడ్డు ఊరు చేరేముందు నాలుగు మైళ్లు జార్జియాలోకి దూరి మళ్లీ బయటకు వస్తుంది. ఆ వింత నాన్నగారికి చెబుతూ ఉండగా ఫోనులో గడియారం గంట ముందుకు గెంతింది. మేము చేరేసరికి పదకొండు దాటింది. తప్పు నాదేనని చెప్పుకుంటే తరువాతి బృందంలో కలిపారు. అమ్మ, అబ్బాయి, మా ఆవిడ పైనే ఉండిపోయారు. చీకట్లో దీపం వెలిగి జలపాతం కనిపించగానే అమ్మాయి నా చెయ్యి వదిలి తాతగారి చెయ్యి పట్టుకొంది.

అక్వేరియంలో అమ్మ రెండున్నర గంటలు నడిచింది, మధ్యలో నాలుగుసార్లు బెంచీ మీద కూర్చొంది. బయట నది వైపు దిగే దారిలో మెట్ల మీదుగా నీళ్లు పారుతున్నాయి. పిల్లలందరూ అందులో ఆడుతున్నారు, మావాడు కూడా బట్టలతో దిగాడు. పక్కనున్న ఫలకం చదివిన నాన్నగారు నన్ను పిలిచి చూపించారు: 1838లో చెరొకీలను ఇళ్ల నుండి వెళ్లగొట్టి పడమటికి తరలించినప్పుడు వాళ్లు బయలుదేరిన రేవుల్లో ఇది ఒకటి, గోడ వెంట కారుతున్న ఆ నీళ్లు వాళ్ల కన్నీళ్లకు గుర్తు. వాడిని బయటకు తీయాలా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆడుకోనీరా, కట్టినవాళ్లు మెట్లు కట్టారంటే దిగమనేగా" అన్నారు. మర్నాడు కువోహి పేరు వెనుక కథను నేను చెప్పబోతే, ఆయనే అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టారు.

షుగర్‌లాండ్స్ కాలిబాట మీద అమ్మ ఒంటరిగా ముందు నడిచింది. ఒక పొగగొట్టం దగ్గర ఆగి, కింద పొయ్యి ఉన్న చోటులోకి వంగి చూసి, "నలుగురికి వండే పొయ్యే" అంది. క్యాబిన్ విషయంలో అట్లాంటా బాటసారి గారి రెండు ప్రశ్నలూ అడిగాను. మొదటి ఇల్లు ఆ దెబ్బకే తప్పిపోయింది, రెండవది కుదిరింది. కువోహి పార్కింగులో పులిహోర తిన్నాము. అక్కడ చలికి అమ్మ శాలువా, నాన్నగారి మఫ్లరు రెండూ పిల్లల మీదకే వెళ్లాయి.

చాటనూగా వాసి:

సంతోషం. ఇన్‌క్లైన్ రైలు ఎక్కారా, లేదా? దాని మాటే రాయలేదు.

తెనాలి టు టెనెసీ:

ఎక్కాము. అమ్మ పైకి వెళ్లేటప్పుడు కళ్లు మూసుకొని విష్ణు సహస్రనామం చదివింది. దిగేటప్పుడు ముందు వరుసలో కూర్చుంటానని తానే అడిగింది. మెంఫిస్ మాస్టారు గారు, వచ్చే శనివారం మీ వైపు వస్తున్నాము. ఐదింటి బాతులకు ఎంత ముందుగా వస్తే తివాచీ పక్కన చోటు దొరుకుతుంది?

మెంఫిస్ మాస్టారు:

నాలుగుంపావుకల్లా వచ్చి పిల్లలను తివాచీ అంచున కూర్చోబెట్టండి. ప్రదర్శనశాలకు మాత్రం ఉదయమే వెళ్లండి, మీ నాన్నగారికి మూడు గంటలు చాలవు.